దెబ్బకు ముందు దిష్టి

ఎం.ఏ. సైకాలజీలో చేరిన ఏడాది, సెలవులకు సంగారెడ్డి వచ్చినప్పుడు మా అమ్మ అడిగింది, "పట్నంల ఏం చదువుతున్నవే?" అని. "పావురాలకు గింజలేస్తున్నమమ్మా. ఏసి, అవి ఏం చేస్తయో చూస్తున్నం" అన్నాను. అమ్మ బియ్యం చెరగడం ఆపి నా మొహంలోకి చూసింది. "గింజలేసుటానికి పట్నం దాక పోవాల్నా? మన గోడ మీద లెవ్వా పావురాలు?"

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరకడానికి చదువు అయిపోయి, ఉద్యోగంలో పడి, పటేల్‌గూడలో ఒక ఇంటి అరుగు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రవర్తన విశ్లేషణ చదివి ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, "మేడమ్, లాబ్‌లో నేర్చుకున్నది బయట పనికొస్తుందా?" అని. వాళ్ల కోసమే ఇది. ఒక్క పిల్ల సంగతి చెప్తాను. నా ప్రమోషన్లు మీకక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేవు.

పెట్టెలో పావురం

ఎనభైల మొదట్లో మా డిపార్ట్‌మెంటు లాబ్ అంటే రెండు గదులు. ఒకదాంట్లో పాతబస్తీలో కొనుక్కొచ్చిన పావురాలు, ఇంకోదాంట్లో వడ్రంగి చేత చేయించిన చెక్కపెట్టెలు. పెట్టె లోపలి గోడకు ఒక గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల, దాని వెనక బల్బు, కింద చిన్న తొట్టి. బల్బు వెలిగినప్పుడు పావురం బిళ్లను పొడిస్తే తొట్టిలో సజ్జలు పడతాయి. పడితే మళ్లీ పొడుస్తుంది. పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు మమ్మల్ని పావురాల బ్యాచ్ అని ఏడిపించేవాళ్లు.

పుస్తకాలు లావుగా ఉండేవి గానీ వాటి సారం చిన్నదే. ముందు ఏం జరిగింది, ప్రాణి ఏం చేసింది, వెంటనే ఏం వచ్చింది. ఆ వచ్చినదాన్ని బట్టి ఆ పని నిలబడుతుంది, లేదా పోతుంది. నిలబెట్టేదానికి రీఇన్‌ఫోర్స్‌మెంట్ అని పేరు. పేరు బట్టీ పట్టడానికి ఒక పూట చాలు. వచ్చినదేమిటో కళ్లతో పట్టుకోవడానికే ఏళ్లు పడుతుంది.

మా ప్రొఫెసర్ గారిది గుంటూరు వైపు. మాట కటువు. ఒకరోజు నా పావురం పొడవడం మానేసి మూల నిలబడింది. ఆయన వచ్చి "ఏం చేస్తోందమ్మా?" అన్నారు. "అలిగిందండీ" అన్నాను. "అలక నీకెక్కడ కనపడింది? ముక్కు మీదా, తోక మీదా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్లయింది. "మూల నిలబడింది, బిళ్లకు వీపు పెట్టింది. నువ్వు చూసింది అంతవరకే. అలక నీ ఇంటి నుంచి తెచ్చి దానికి తగిలించావు" అని వెళ్లిపోయారు. తీరా చూస్తే బిళ్ల వెనక బల్బు కాలిపోయి ఉంది. అలిగిందనే మాటతో సరిపెట్టుకుని ఉంటే బల్బు వైపు ఎవరమూ చూసేవాళ్లం కాదు.

ఇంకో ప్రయోగం నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈసారి పావురం ఏం చేసినా, చేయకపోయినా, గడియారం ప్రకారం సజ్జలు పడతాయి. ఒక పావురం ఏ పక్కకో తిరుగుతున్నప్పుడు గింజలు పడ్డాయనుకోండి, కాసేపటికి అది గిర్రున తిరగడమే పనిగా పెట్టుకునేది, తన తిరుగుడు వల్లే పడుతున్నాయన్నట్లు. మేం పడీ పడీ నవ్వాం. ప్రొఫెసర్ గారు నవ్వలేదు. "పరీక్ష రోజు నువ్వు ఏ పెన్ను తెచ్చుకుంటావురా?" అని ముందు బెంచీ కుర్రాణ్ని అడిగారు. వాడి అదృష్టపు పెన్ను సంగతి హాస్టలంతటికీ తెలుసు.

గింజలు ఆగితే

పొడిస్తే గింజలు పడటం అలవాటైన పావురానికి ఉన్నట్టుండి గింజలు ఆపేయడాన్ని ఎక్స్‌టింక్షన్ అంటారు. పొడవడం క్రమంగా తగ్గిపోతుందని చదువుకుని లాబ్‌కు వెళ్లాను. వెళ్లి చూస్తే, అమ్మో! మొదట అది తగ్గలేదు. పిచ్చిపట్టినట్లు పొడిచింది. రెక్కలతో పెట్టె గోడల్ని బాదింది. ముక్కు దగ్గర రక్తం కనపడి నేను మూత తీసేయబోతే పక్కనున్నవాళ్లు ఆపారు. తగ్గింది, నిజమే. చాలాసేపు రెచ్చిపోయిన తర్వాత తగ్గింది.

పక్క పెట్టెలో ఇంకోలా చేశాం. పాత బిళ్లకు గింజలు ఆపి, పక్కనే కొత్త బిళ్ల వెలిగించి దానికి గింజలు ఇచ్చాం. ఆ పావురం కాసేపు అటూ ఇటూ చూసి కొత్త బిళ్లకు మారిపోయింది. పెద్ద గొడవేమీ చేయలేదు. ఈ రెండు పెట్టెలూ నా బుర్రలో పక్కపక్కనే ఉండిపోయాయి.

స్వరూప

చదువు అయ్యాక కొన్నేళ్లు అక్కడా ఇక్కడా చేసి, చివరికి బీరంగూడలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో చేరాను. ఒక ట్రస్టు వాళ్లు అద్దె ఇంట్లో నడిపేవారు. రోడ్డు మీద లారీల మోత, గాలి ఇటు తిరిగితే పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వాసన. కిటికీలు మూసి పాఠాలు చెప్పేవాళ్లం. రిటైరైన డాక్టరొకాయన మాకు ఇన్‌ఛార్జి.

తొంభైల నడుమ ఒక పొద్దున పటేల్‌గూడ నుంచి అంజయ్య అనే ఫిట్టరు తన కూతుర్ని తీసుకొచ్చాడు. పేరు స్వరూప. ఏడెనిమిదేళ్లుంటాయి. మాటలు లేవు. రెండు చేతులూ తువ్వాలతో వెనక్కి కట్టి ఉన్నాయి. ఎడమ కన్ను నల్లగా కమిలి వాచిపోయింది.

"పిడికిలితోటి కంట్లనే కొట్టుకుంటది మేడం" అన్నాడు అంజయ్య. "పట్నంల కంటి డాక్టరుకు చూపిచ్చిన. లోపల పొర ఊడొస్తదంట. ఇట్లనే కొట్టుకుంటె కన్ను పోతదన్నడు. కట్టేస్తె ఊకుంటది, ఇప్పితె కొడతది. జిందగీ అంత కట్టేసే ఉంచాల్నా?"

అలా అడిగి, మా ముందు ఏడవడం ఇష్టం లేక గోడ వైపు తిరిగాడు. నేను కట్టు విప్పమన్నాను. ఆయన భయం భయంగా విప్పాడు. ఆ పిల్ల ఎర్రబడిన మణికట్లు రుద్దుకుని, కాసేపటికి పిడికిలి బిగించింది. నేను చెయ్యి అడ్డం పెట్టే లోపే దెబ్బ పడిపోయింది.

చూస్తూ కూర్చోవడం

ఆ పిల్లకు అందరూ తలా ఒక పేరు పెట్టారు. మొండిదన్నారు, గాలి సోకిందన్నారు. అంతకుముందు చూసినవాళ్లు హింసాత్మక స్వభావం అని చెప్పి పంపారట. స్వభావం తెలిస్తే కన్ను దక్కుతుందా? ఆ పేర్లు అన్నీ పక్కన పెట్టి పటేల్‌గూడ వెళ్లి వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాను.

ఇంట్లో అంజయ్య భార్య లక్ష్మి, అంజయ్య తల్లి నర్సవ్వ. మొదట అమ్మ దగ్గరికి తీసుకోవాలని కొట్టుకుంటోందనుకున్నాను. లక్ష్మి ఎత్తుకున్నా కొట్టుకుంది, దింపినా కొట్టుకుంది. తిండి కోసమా అనుకున్నాను, కాదు. స్నానం తప్పించుకోవడానికా అనుకున్నాను, అదీ కాదు. నేను అనుకున్నవి ఒక్కోటే వీగిపోతుంటే తిక్క పుట్టేది. తెల్లారేసరికి మళ్లీ ఆత్రం, ఈ పిల్లకు ఏం దొరుకుతోంది, ఏం దొరుకుతోంది అని.

దొరికేది నా కళ్ల ముందే ఉంది. స్వరూప కొట్టుకోగానే నర్సవ్వ ఏ పనిలో ఉన్నా వదిలేసి పరుగెత్తుకొచ్చేది. పిడికెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని పిల్ల చుట్టూ తిప్పేది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఈదుల పోయేటోళ్ల దిష్టి" అంటూ ఉమ్మేయించి, వసారాలో పొయ్యిలో వేసేది. ఉప్పు చిటపటా పేలేది. నేను ఇంతకాలం ఆ ముసలమ్మను చూస్తూ పిల్లను చూడలేదు. ఆ రోజు పిల్లను చూశాను. పిడికిలి విడిపోయింది. తల పొయ్యి వైపు వాల్చి, నోరు కొంచెం తెరిచి, చివరి ఉప్పురవ్వ పేలే దాకా వింటూ నిలబడింది.

"సూసినవా బిడ్డా" అంది నర్సవ్వ నాతో. "దిష్టి తీస్తెనే ఊకుంటది. నీ సదువుల ఉన్నదా ఇది?"

"లేదవ్వా" అన్నాను గానీ, నాకు ఆ అరుగు మీద నిలబడి ఎగరాలనిపించింది. పిల్ల కొట్టుకుంటే చిటపట దొరుకుతోంది. అవ్వ దిష్టి తీస్తే పిల్ల ఊరుకుంటోంది. పిల్ల అవ్వకు నేర్పింది, అవ్వ పిల్లకు నేర్పింది. ఇద్దరూ మంచి విద్యార్థులే. మధ్యలో కన్ను పోతోంది.

అనుకుంటే సరిపోదని ప్రొఫెసర్ గారు నేర్పారు కదా. మర్నాడు స్వరూప ఆడుకుంటున్నప్పుడు లక్ష్మిని ఊరికే ఉప్పు పొయ్యిలో వేయమన్నాను. పిల్ల చేతిలోని డబ్బా పారేసి ఉరికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. లక్ష్మి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓరి దేవుడా, దీని కోసమా బిడ్డా నువ్వు కొట్టుకునుడు!" అంది.

సార్‌తో వాదన

ఇన్‌ఛార్జి సార్‌కు ఇదంతా చెప్తే ఆయన బల్ల మీద చరిచారు. "దొరికింది కదా! ముసలామెను ఉప్పు ముట్టొద్దనండి. పిల్ల కొట్టుకుంటే ఎవరూ పట్టించుకోవద్దు. దానంతట అదే మానుతుంది."

"మానే ముందు పెరుగుతుంది సార్. ఆ పెరిగిన దెబ్బలన్నీ కంట్లో పడతాయి."

"మీకెట్లా తెలుసు?"

"పావురాన్ని చూశాను సార్."

ఆయన నవ్వారు. నేను ఇంకో పెట్టె సంగతి చెప్పాను. చిటపట ఆపొద్దు, అది దొరికే దారి మారుద్దాం అన్నాను. అంటే దిష్టి ఆపకుండా, కొట్టుకోకముందే తీయించాలి. అప్పుడు ఆయన మొహం మారిపోయింది. "మన సంస్థ మనిషి ఇంటికెళ్లి దిష్టి తీయిస్తుందా? నలుగురూ నవ్వరా? మీరు ఇదివరకు చెప్పిన పావురం గిర్రున తిరిగినట్లే ఉంది ఆ ముసలామె ఉప్పు తిప్పడం. మూఢనమ్మకం!"

"తేడా ఉంది సార్. పావురం తిరిగినా తిరగకపోయినా గింజలు పడేవి. ఇక్కడ అవ్వ ఉప్పు వేస్తేనే పిల్ల ఊరుకుంటోంది. కారణం అవ్వ చెప్పేది కాకపోవచ్చు, పని మాత్రం జరుగుతోంది."

ఆయన చెడ్డవారు కాదు. నలుగురి నవ్వుకు భయపడే పెద్దమనిషి, అంతే. ఇలాంటి పై అధికారులు మీకు చాలామంది తగులుతారు. వాళ్లతో కోపంగా కాకుండా, చూసింది చూసినట్లు చెప్పండి. ఆ రోజు సార్ "కన్ను పోతే మీదే పూచీ" అని లేచి వెళ్లిపోయారు. ఆ మాట నాతో పాటు బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది.

నర్సవ్వ అభ్యంతరం

అసలు చిక్కు నర్సవ్వ దగ్గర వచ్చింది. కొట్టుకోకముందే దిష్టి తీయమంటే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దిష్టి లేనప్పుడు దిష్టి తీసుడేంది బిడ్డా? తగిలినంక తియ్యాలె. ఊకూకె తీస్తె దాని మహిమ పోతది. దేవునితోటి పరాచికాలా?"

నేను నోరు తెరిచేలోపు, గిన్నెలు తోముతున్న లక్ష్మి అందుకుంది. "పిల్లకు పోలియో చుక్కలు నువ్వే ఏపిచ్చుకొచ్చినవ్ గదా అత్తమ్మా! కాలు పడిపోయినంక ఏపిచ్చినవా, ముందుగాల్లనే ఏపిచ్చినవా?"

"నీకు నోరు మస్తు లేస్తున్నది" అంది నర్సవ్వ. కానీ ఆలోచనలో పడింది. కాసేపటికి నా వైపు తిరిగి, "సరే, ముందుగాల్లనే తీద్దాం. గని ఎట్ల తియ్యాల్నో నాకు నేర్పకు" అంది. నేను నేర్పలేదు. నేను అడిగింది ఒక్కటే. స్వరూప తన అరచేతిని అవ్వ అరచేతిలో పెట్టాలి. పెట్టగానే ఉప్పు పొయ్యిలో పడాలి.

మొదట్లో పిల్లకు తెలియదు కాబట్టి లక్ష్మి వెనక నుంచి ఆ చెయ్యి పట్టుకుని అత్త చేతిలో పెట్టేది. వెంటనే చిటపట. కొట్టుకునే చెయ్యే అది. అవ్వ చేతిలో ఉన్నంతసేపు కంటి మీదికి పోలేదు. ఎప్పుడైనా పిడికిలి లేస్తే లక్ష్మి మాట్లాడకుండా చిన్న దిండు అడ్డం పెట్టేది. అప్పుడు మాత్రం ఉప్పు లేదు. నర్సవ్వకు అన్నిటికంటే కష్టమైంది అదే. పిల్ల కొట్టుకుంటుంటే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ఉప్పు డబ్బా వైపు పోయేది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కూర్చునేది. కొన్ని వారాలకు స్వరూప తనంతట తను నడిచొచ్చి అవ్వ చేతిలో చెయ్యి పెట్టింది. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వాం.

తడిసిన కట్టెలు

తర్వాత ఒక సాయంత్రం పెద్ద వాన. నేను బస్సు లేక వాళ్లింట్లోనే ఆగిపోయాను. స్వరూప వచ్చి అవ్వ చేతిలో చెయ్యి పెట్టింది. నర్సవ్వ ఉప్పు వేసింది. చప్పుడు లేదు. కట్టెలు తడిసి పొయ్యి ఒట్టి పొగ. పిల్ల మళ్లీ చెయ్యి పెట్టింది. మళ్లీ ఉప్పు, మళ్లీ పొగ. పెట్టెలో గింజలు ఆగాయి, తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు.

పిడికిలి లేచింది. లక్ష్మి దిండు అడ్డం పెట్టింది. దిండు మీద ఒక దెబ్బ, పక్కన చెంప మీద ఇంకో దెబ్బ. సరిగ్గా అప్పుడే అంజయ్య షిఫ్టు దిగి తడుస్తూ లోపలికొచ్చాడు. చూసి కేక పెట్టాడు. "ఏం చేస్తున్నరు నా బిడ్డను? మా పిల్ల నీకు ఎలుకనా మేడం?" ఆయన భుజం మీది తువ్వాల తీసి పిల్ల చేతులు కట్టబోయాడు.

"ఆగురా!" అంది నర్సవ్వ. పొయ్యిలో కిరసనాయిలు పోస్తూ, తల తిప్పకుండానే అరిచింది. "దానికి నోరు లేదు. ఆ చెయ్యే నోరు. కట్టేస్తె ఇగ ఎట్ల అడుగుతది?"

అంజయ్య అక్కడే ఆగిపోయాడు. మంట భగ్గుమంది. నర్సవ్వ ఉప్పు వేయలేదు. ఏడుస్తూ, పిల్ల ముందు ఖాళీ అరచెయ్యి చాపి కూర్చుంది. "రా బిడ్డా, రా" అంటూనే ఉంది. పిడికిలి ఇంకోసారి దిండు మీద పడింది. తర్వాత వేళ్లు విడిపోయాయి. స్వరూప వచ్చి అవ్వ చేతిలో చెయ్యి పెట్టింది. ఉప్పు పేలిన చప్పుడుకు అంజయ్య తడి బట్టలతోనే గడప మీద కూలబడి ఏడ్చాడు.

కంటి డాక్టరు గదిలో

కొన్ని నెలలకు స్వరూపను మళ్లీ పట్నం తీసుకెళ్లాం. దెబ్బలు బాగా తగ్గాయి, కానీ లోపలి పొర ఏమైందో ఎవరికీ తెలియదు. అంజయ్య చెప్పిన కంటి డాక్టరు, గదిని చీకటి చేసి, టార్చిలైటు పిల్ల కంటి దగ్గరికి తెచ్చాడు. పిల్ల బెదిరింది. వెనక్కి వంగింది. పిడికిలి బిగిసి పైకి లేచింది. అంజయ్య చెయ్యి తువ్వాల మీదికి పోయింది.

పైకి లేచిన పిడికిలి విచ్చుకుని డాక్టరు అరచేతిలో పడింది.

ఆయన దాన్ని మెల్లగా పక్కకు తీసి "కదలొద్దని చెప్పండమ్మా" అన్నాడు. స్వరూప మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ తీశాడు. మూల నుంచి నర్సవ్వ గట్టిగా అరిచింది. "సారూ, అది అడుగుతున్నది! ఏదన్న చప్పుడు చెయ్యి సారూ! జల్దీ!"

పాపం, ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆ అరుపుకు జడిసి బల్ల మీది తాళాల గుత్తి తీసి ఊపాడు. గలగలమని మోగింది. స్వరూప తల అటు వాల్చి, నోరు తెరిచి విన్నది. ఆయన ఒక చేత్తో తాళాలు ఊపుతూ, ఇంకో చేత్తో టార్చి పట్టుకుని కంట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పొర అంటుకునే ఉంది. కన్ను దక్కింది" అన్నాడు.

లక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరు నా వైపు తిరిగి, "ఎలా మాన్పించారు?" అని అడిగాడు. ఎక్కడ మొదలుపెట్టాలా అని నేను తడుముకుంటుంటే నర్సవ్వ చెప్పేసింది. "దిష్టి తీసినం సారూ. కొట్టుకోకముందుగాల్లనే తీసినం."

నిజమేనా అన్నట్లు ఆయన నన్ను చూశాడు. "అవునండీ" అన్నాను.

స్వరూప మళ్లీ డాక్టరు చేతిలో చెయ్యి పెట్టింది. ఈసారి ఎవరూ అరవలేదు. ఆయనే తాళాలు మోగించాడు.